లైప్‌జిగ్ వెళ్లే మన విశాఖ పిల్లలకు

ఎంవీపీ కాలనీ నుంచి జర్మనీలోని లైప్‌జిగ్‌కి చదువుకోడానికి వెళ్లినదాన్ని. ఆ ఊరు నన్ను బాగా చూసుకుంది. అందుకే నా మాటల్లో కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

ముందు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలైనవేనని జర్మనీ వాళ్లు సరిచూసి ఇచ్చేది) పని మొదలుపెట్టండి, దానికి టైం పడుతుంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ఇది 2024 సెప్టెంబర్‌లో పెట్టిన లెక్క, వెళ్లేముందు మళ్లీ సరిచూసుకోండి.

ఇంట్లో దిగిన రెండు వారాల్లో ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి. ఓనరు సంతకం పెట్టిన కాగితం లేకపోతే కుదరదు.

ఆవకాయ చెక్-ఇన్ సామాన్లోనే పెట్టండి. మూత కింద పాలిథిన్ కాగితం, పైన టేపు, ఆపైన పాత తువ్వాలు. అమ్మ చెప్పినదానికంటే ఒక చుట్టు ఎక్కువే చుట్టండి.

ఆదివారం దుకాణాలుండవు, సరుకులు శనివారమే తెచ్చుకోండి. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పారేయొద్దు, సూపర్‌మార్కెట్ మెషీన్లో వేస్తే చాలావాటికి 25 సెంట్లు వెనక్కొస్తాయి. చెత్త ఏ డబ్బాలో వేయాలో నాకు కింది ఇంటి ముసలావిడ ఓపిగ్గా నేర్పింది. ఆవిడకి ఇప్పటికీ సంక్రాంతికి కార్డు పంపుతాను.

సంగీతకర్త బాఖ్ 1723 నుంచి చనిపోయేదాకా పనిచేసిన థామస్ చర్చిలో మగపిల్లల బృందం పాడే పాట వినండి. పరీక్షలున్నా సరే వెళ్లండి.

తిరిగొచ్చేముందు అడ్రస్ రద్దు చేయించడం మాత్రం మరవకండి.