నోరు పూసినప్పుడు సోడా నీళ్లు

నోరు పూసిందంటే బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ సంగతి దేవుడెరుగు, ఇంట్లో చారన్నం కూడా భగ్గుమంటుంది. మొన్న నాకు కింది పెదవి లోపల రెండు పుళ్లు లేచాయి. నోటిపుళ్లకి రాసే జెల్ రాస్తే ఉమ్మితో పాటే పోయేది.

అర గ్లాసు గోరువెచ్చని నీళ్లలో 1 టీస్పూన్ వంటసోడా (బట్టల సోడా కాదండోయ్!) కలిపి, అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయండి, మింగొద్దు. తిన్న ప్రతిసారీ ఇలా చేస్తే చాలు. తర్వాత శుభ్రమైన దూదితో పుండు మీద తడి అద్ది తీసి, అప్పుడు జెల్ రాయండి. నిలబడుతుంది. సోడియం లారిల్ సల్ఫేట్ (నురగ కోసం కలిపే రసాయనం) లేని పేస్టుకి మారితే కొందరికి పుళ్లు రావడమే తగ్గుతుంది. డబ్బా వెనక చూసి కొనండి.

ఇది మంట తగ్గించడానికే, పుండు మానడానికి ఎలాగూ వారం పది రోజులు పడుతుంది. 2 వారాలు దాటినా మానకపోయినా, నొప్పి లేని తెల్ల మచ్చో ఎర్ర మచ్చో కనిపించినా సోడా నీళ్లతో కాలక్షేపం చేయకండి. ముఖ్యంగా మన పల్లెల్లో అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని) తాగే అమ్మమ్మలుంటే, అంగిలి ఓసారి టార్చి వేసి చూడండి. తేడాగా ఉంటే నేరుగా పళ్ల డాక్టరు దగ్గరికే.