పాత సోడా కెగ్ లీకవుతోందా? ముందు రబ్బరు చూడండి

వరంగల్, కాజీపేట వైపు స్క్రాప్ దుకాణాల్లో పొడవాటి స్టీలు కెగ్, అంటే ప్రెషర్‌లో డ్రింక్ నింపి ఉంచే డబ్బా, ఎప్పుడైనా కంటపడితే వదలకండి. ఒకప్పుడు కూల్‌డ్రింక్ ఫౌంటెన్లకు వాడిన రకం అది, సుమారు 19 లీటర్లు పడుతుంది. ఇంట్లో అల్లం సోడా, నిమ్మ సోడా చేసుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. లైసెన్సు లేకుండా బీరు కాచడం మాత్రం ఎక్సైజ్ నేరం, కాబట్టి ఇక్కడ సోడా సంగతే చెబుతున్నాను.

ఏ రకమో తెలియట్లేదు

పైన ఉన్న రెండు పోస్టులు, అంటే గొట్టాల కనెక్టర్లు తగిలించే మొలకలు, చూడండి. పక్కలకు చిన్న పిన్నులు పొడుచుకొని ఉంటే పిన్ లాక్, కోకా కోలా వాళ్లు వాడిన రకం. రెండు పిన్నులున్నది గ్యాస్‌కు (సోడాలో కలిపే కార్బన్ డయాక్సైడ్, వంట గ్యాస్ కాదు), మూడున్నది డ్రింక్‌కు. పిన్నులు లేకుండా నున్నగా ఉంటే బాల్ లాక్, పెప్సీ రకం. ఇది కాస్త సన్నగా, పొడవుగా ఉంటుంది.

మూత తీసే వీలు లేకుండా నడినెత్తిన ఒకటే మెడ ఉంటే అది బార్లకు వెళ్లే బీరు కెగ్. అది బ్రూవరీ సొత్తు, పైగా ప్రెషర్ ఉండగా విప్పితే లోపలి గొట్టం ఎగిరొచ్చి ముఖానికి తగులుతుంది. దాని జోలికి పోవద్దు.

గ్యాస్ నిలవట్లేదు

కెగ్ పాడైందని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. నూటికి తొంభై సార్లు తప్పు స్టీలుది కాదు, రబ్బరుది. గ్యాస్ పెట్టి సబ్బు నీళ్లు రాయండి, బుడగలు ఎక్కడ లేస్తే లీకు అక్కడే.

మూత చుట్టూ లేస్తే పెద్ద రింగు ఎండిపోయింది. ఫుడ్ గ్రేడ్ సిలికాన్ రింగు వేసి, 30 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దాకా గ్యాస్ ఎక్కిస్తే మూత పైకి నొక్కుకొని బిగుస్తుంది. తక్కువ ప్రెషర్‌లో చాలా మూతలు కూర్చోవు. పోస్టు నడిమధ్యలో బుడగలొస్తే లోపలి పాపెట్, అంటే స్ప్రింగు మీద నిలిచే చిన్న వాల్వు, మార్చాలి. కంపెనీని బట్టి పాపెట్ పొడవు మారుతుంది, పాతది చేతిలో పట్టుకెళ్లి పోల్చుకొని కొనండి.

పోస్టు విప్పే ముందు ప్రెషర్ మొత్తం వదలాలి. మూత మీద ప్రెషర్ వదిలే లాగుడు రింగు ఉంటే అది లాగండి, లేకపోతే గ్యాస్ పోస్టు పాపెట్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి పట్టుకోండి, శబ్దం పూర్తిగా ఆగేదాకా.

డ్రింక్ బదులు నురగే వస్తోంది

డ్రింక్ పోస్టు విప్పి, లోపలి పొడవు గొట్టాన్ని పైకి లాగండి. దాని మెడకు సన్నని రబ్బరు రింగు ఉంటుంది. పాత కెగ్‌లో అది వేలికి నల్లగా అంటుకుంటూ ముక్కలై ఊడొస్తుంది. ఆ సందులోంచి గ్యాస్ డ్రింక్‌లో కలుస్తోంది. రింగు చిన్నదే అయినా అన్నింటికన్నా ఎక్కువ సతాయించేది అదే, కెగ్ కొన్న రోజే మార్చేయండి.

కనెక్టర్ ఎక్కింది, దిగట్లేదు

బాల్ లాక్‌లో గ్యాస్ కనెక్టర్‌ను డ్రింక్ పోస్టుకు బిగించి ఉంటారు. గ్యాస్ పోస్టు అడుగున ఆరు పలకల అంచుకు చిన్న గాట్లుంటాయి, అదే గుర్తు.

పాత కోలా వాసన పోవట్లేదు

వాసన రబ్బరులోనే దాగుంటుంది. రింగులన్నీ మార్చి, వేడినీళ్లలో వాషింగ్ సోడా కలిపి రాత్రంతా నానబెట్టండి. తెల్లటి పొర మిగిలితే నిమ్మ ఉప్పు నీళ్లతో కడగండి. బ్లీచింగ్ వద్దు, క్లోరిన్ స్టీలును గుంటలు గుంటలుగా తినేస్తుంది. ఇనుప పీచుతో తోమినా దాని తునకలు అంటుకొని తుప్పు పడతాయి.

లోపల గుంటలున్నాయి

టార్చి వేసి చూస్తే పైపై తుప్పు మరకకూ, గోరు తగిలే గుంటకూ తేడా తెలుస్తుంది. మరక నిమ్మ ఉప్పుకు పోతుంది. గుంటలున్నా, వెల్డింగు దగ్గర చీలినా ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. చాలా కెగ్‌ల మీద 130 పీఎస్‌ఐ దాకా అని ముద్ర ఉంటుంది, అది కొత్తగా ఉన్నప్పటి మాట. మన ఎండల్లో కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో ప్రెషర్ వెయ్యి పీఎస్‌ఐ దాటుతుంది, రెగ్యులేటర్ లేకుండా నేరుగా కలపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

లీకు లేదు, అయినా సోడాలో ఘాటు లేదు

నీళ్లు వేడిగా ఉన్నాయి. హనుమకొండలో మే నెల కుళాయి నీటికి ఎంత గ్యాస్ పట్టించినా నిలవదు. కెగ్‌ను ఐసు టబ్బులో నిలబెట్టి, నీళ్లు 4 డిగ్రీల దగ్గరికి వచ్చాక 30 పీఎస్‌ఐ గ్యాస్ పెట్టి బాగా ఊపండి. గ్లాసులోకి వంపేటప్పుడు మాత్రం ప్రెషర్ తగ్గించండి, లేకపోతే సగం నురగగానే పోతుంది.