పీస్ లిల్లీ వాలిపోయిందని నీళ్లు పోసి పోసి...

విజయనగరంలో మా హాల్లో కుండీలో ఉన్న పీస్ లిల్లీ (తెల్ల పూలు పూసే ఇంటి మొక్క) మొన్న వానాకాలంలో ఆకులన్నీ వేలాడేసింది. వాడితే నీళ్లు పొయ్యాలి కదా, పోశాను. మర్నాడు ఇంకా వాలింది, ఇంకో చెంబు పోశాను. ఇలా వారం గడిచాక మా అత్త చూసి "ముంచేస్తున్నావు దాన్ని, మట్టిలో వేలు పెట్టి చూడు" అంది. లోపలంతా బురద, మురుగు వాసన.

ఈ మొక్కతో చిక్కేమిటంటే నీళ్లు తక్కువైనా వాలిపోతుంది, ఎక్కువై వేర్లు కుళ్లినా అచ్చం అలాగే వాలిపోతుంది. కుండీ బోర్లిస్తే సగం వేర్లు గోధుమ రంగులో ఉన్నాయి, పట్టుకుంటే తొక్క ఊడి సన్నటి దారం మిగిలింది. కింద ప్లేటులో నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉండేవి, తప్పంతా అక్కడే. మెత్తబడినవి కత్తెరతో కోసేసి, తెల్లగా గట్టిగా ఉన్నవి ఉంచి, మట్టిలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), కాస్త ఇసుక కలిపి చిన్న కుండీలో నాటి, నేరుగా ఎండ తగలని కిటికీ పక్కన పెట్టాను. పైమట్టి వేలికి పొడిగా తగిలితేనే నీళ్లు.

3 వారాలకు కొత్త ఆకు చుట్టచుట్టుకుని పైకొచ్చింది. ఆకు కొసలు మాడటం మాత్రం మా ఉప్పు బోరు నీళ్లు మానేసి వాన నీళ్లు పట్టి పోశాకే తగ్గింది.

అన్నట్టు, పసిపిల్లలకూ పిల్లికీ అందనివ్వకండి. ఆకు నమిలితే నోరు మండుతుంది, కంద దురద పెట్టించే కాల్షియం ఆక్సలేట్ ఇందులోనూ ఉంది.