సిమ్యులేటర్‌లో మినుకుమనే టెక్స్‌చర్లను సరిచేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో విమానాన్ని రన్‌వే వైపు దించుతున్నప్పుడు దూరాన ఉన్న టెర్మినల్ కిటికీలూ, కంచెల ఊచలూ, టాక్సీవే మీది సన్నని గీతలూ, చివరికి సొంత విమానం రెక్క మీది రివెట్లూ చీమలు పారుతున్నట్టు కదులుతూ మినుకుమంటుంటే చికాకు కలగడం సహజం. ఆ చికాకులో చాలామంది సెట్టింగుల పేజీలోని ప్రతి అంశాన్నీ గరిష్ఠానికి పెంచేస్తారు, లేదా ఏదో ఒక కన్వర్టర్ తెచ్చి టెక్స్‌చర్ల (వస్తువుల ఉపరితలం మీద పరిచే బొమ్మల) ఫోల్డరు మొత్తాన్నీ ఒకేసారి మార్చేస్తారు. మొదటి పని వల్ల ఫ్రేమ్ రేటు (సెకనుకు తెరపై మారే చిత్రాల సంఖ్య) పడిపోతుంది. రెండో పని కాక్‌పిట్‌లోని మీటర్లను మసకబార్చవచ్చు, విమానం ఒంటి మీది మెరుపును పోగొట్టవచ్చు, ఒక్కోసారి ఆ విమానం తెరపై నల్లగానో తెల్లగానో కనిపించేలా చేయవచ్చు. పోయినదాన్ని వెనక్కి తెచ్చుకునే దారి లేకుండా ఈ పనికి దిగడమే ఇందులోని అసలు ప్రమాదం.

లోపం ఎక్కడ పుడుతుందో తెలిస్తే జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి. దూరంగా ఉన్న ఒక గోడ తెరపై పది పిక్సెళ్ల వెడల్పుకు కుదించుకుపోయినప్పుడు, ఆ గోడ టెక్స్‌చర్‌లోని వందలాది చుక్కల్లో ఏ పదింటి రంగును చూపించాలన్నది గ్రాఫిక్స్ కార్డు తేల్చుకోవాలి. కెమెరా వెంట్రుకవాసి కదిలినా ఎంపికయ్యే చుక్కలు మారిపోతాయి కాబట్టి రంగు ఫ్రేముకో తీరుగా వస్తుంది, కంటికి అది మినుకుగా తోస్తుంది. దీనికి విరుగుడుగా లాన్స్ విలియమ్స్ 1983లో ప్రకటించిన పద్ధతే మిప్‌మ్యాప్. టెక్స్‌చర్‌ను సగానికి, ఆ సగాన్ని మళ్లీ సగానికి ముందుగానే కుదించి ఉంచుకుని, దూరాన్ని బట్టి తగిన పరిమాణాన్ని వాడుకోవడం అందులోని కిటుకు. 2048 పిక్సెళ్ల చదరపు టెక్స్‌చర్‌కు ఇలా మొత్తం 12 స్థాయిలు వస్తాయి, మెమరీ మాత్రం మూడింట ఒక వంతే అదనంగా పడుతుంది. ఫైలులో ఈ స్థాయిలు లేకపోతే గ్రాఫిక్స్ కార్డు ఎంత ఖరీదైనదైనా దూరం నుంచి చూసినప్పుడు కూడా పూర్తి పరిమాణపు బొమ్మలోంచే చుక్కలు ఏరుకోవలసి వస్తుంది.

అందువల్ల మొదటి జాగ్రత్త రోగ నిర్ణయమే. కనిపించే ప్రతి కదలికా ఈ కోవలోది కాదు. రన్‌వే గీతల మీద పెద్ద పెద్ద ముక్కలుగా ఒకసారి తెలుపు, ఒకసారి తారు రంగు మారుతూ కనిపిస్తే, ఒకే ఎత్తులో ఉన్న రెండు ఉపరితలాలు ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయని అర్థం. దాన్ని జడ్-ఫైటింగ్ అంటారు. మిప్‌మ్యాపులు, ఫిల్టరింగు (చుక్కల రంగులను కలిపి సగటు చూపడం) దాని జోలికి వెళ్లవు, మోడల్‌నే సరిచేయాలి. భవనాల అంచులు మెట్లుమెట్లుగా పాకుతుంటే అది యాంటీ అలియాసింగ్‌కు, అంటే అంచులను నునుపు చేసే పద్ధతికి, సంబంధించిన విషయం. చెట్ల ఆకులు, కంచె ఊచలు మాత్రమే చిటపటలాడుతుంటే పారదర్శకత ఉన్న టెక్స్‌చర్ల అంచులను అనుమానించాలి. ఎండ పడిన లోహపు ఒంటి మీదే మిలమిలలు పుడుతుంటే ఉపరితలపు ఎగుడుదిగుళ్లను చెప్పే బంప్ మ్యాపు, మెరుపును చెప్పే మెరుపు మ్యాపుల వైపు చూడాలి.

ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది: మినుకు అన్నిచోట్లా ఉందా, ఒక్క విమానానికో ఒక్క విమానాశ్రయానికో పరిమితమా? సిమ్యులేటర్‌తో పాటు వచ్చిన విమానం నిలకడగా ఉండి, విడిగా చేర్చుకున్నది మాత్రం మినుకుమంటుంటే లోపం దాని ఫైళ్లలో ఉన్నట్టే, సెట్టింగులను కదపనవసరం లేదు. లోకమంతా మినుకుమంటుంటే లోపం సెట్టింగుల్లో ఉంటుంది, ఫైళ్లను ముట్టుకోకూడదు. ఈ ఒక్క విభజన సరిగా చేసుకున్నవారికి సగం పని అయిపోయినట్టే. పరీక్ష ప్రతిసారీ ఒకేలా ఉండాలి కనుక ఒకే చోటు, ఒకే సమయం, ఒకే వాతావరణం ఉన్న ఫ్లైటును సేవ్ చేసుకుని, కెమెరాను నెమ్మదిగా పక్కకు తిప్పుతూ చూడాలి. నిశ్చల చిత్రంలో మినుకు కనిపించదు కాబట్టి స్క్రీన్‌షాట్లను పోల్చి లాభం లేదు.

ఇక నకళ్ల సంగతి. 2006లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్) సెట్టింగులు ఎఫ్‌ఎస్‌ఎక్స్ డాట్ సీఎఫ్‌జీ అనే ఫైలులోనూ, 2020 నాటి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో యూజర్‌సీఎఫ్‌జీ డాట్ ఓపీటీ అనే ఫైలులోనూ ఉంటాయి. వాటిని మార్చే ముందు వేరే ఫోల్డరులో నకలు ఉంచుకోవాలి. మార్పు చేసేటప్పుడు సిమ్యులేటర్ మూసి ఉండాలి, లేకపోతే అది ముగిసేటప్పుడు తన దగ్గరున్న పాత విలువలనే మళ్లీ రాసేసి మీ మార్పును తుడిచేస్తుంది. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో ఆ ఫైలు పాడైనా కంగారుపడనక్కర్లేదు, దాన్ని తొలగిస్తే తర్వాతిసారి తెరిచినప్పుడు కొత్తది తయారవుతుంది, అయితే మీ పాత అమరికలు మాత్రం పోతాయి. టెక్స్‌చర్ల నకళ్లను 2020 సిమ్యులేటర్‌లో విడిగా చేర్చుకున్న యాడాన్లు ఉండే కమ్యూనిటీ ఫోల్డరులోనే మరో పేరుతో ఉంచడం తగదు, ఎందుకంటే అక్కడున్న ప్రతి ప్యాకేజీనీ అది చదువుతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ ప్రొఫైలును మార్చేవారు ముందుగా దాన్ని కూడా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవాలి.

సెట్టింగుల్లో లోపముందని తేలినవారు ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, అదీ తక్కువ భారమున్నదానితో మొదలుపెట్టాలి. అనైసోట్రోపిక్ ఫిల్టరింగును 16 రెట్లకు పెంచితే ఏటవాలుగా కనిపించే రన్‌వే, నేల కుదుటపడతాయి, నేటి కార్డులకు దాని భారం స్వల్పమే. డ్రైవరులో ఎల్‌ఓడీ బయాస్ (మిప్ స్థాయి ఎంపికను అటూ ఇటూ జరిపే విలువ) రుణ విలువలో ఉంటే కార్డు అవసరానికి మించి పెద్ద మిప్ స్థాయిని ఎంచుకుంటుంది. బొమ్మ పదునుగా ఉందనిపించినా మినుకును కొని తెచ్చుకున్నట్టే కనుక దాన్ని సున్నాకు తేవాలి, లేదా రుణ విలువ పనిచేయకుండా క్లాంప్ చేయాలి. బొమ్మను పదునుపెట్టే షార్పెనింగ్ ఉంటే తగ్గించాలి. ఎంఎస్‌ఏఏ అనే యాంటీ అలియాసింగ్ రకం ఆకారాల అంచులనే సరిచేస్తుంది, టెక్స్‌చర్ లోపలి మినుకును ఆపదు, దాన్ని 8 రెట్లకు పెంచినా ఫలితం లేదని నిరాశపడేవారు గ్రహించవలసింది ఇదే. టీఏఏ అనే మరో రకం గత ఫ్రేములను కలుపుకుని మినుకును బాగానే అణచివేస్తుంది, బదులుగా కొంత మసకను మిగులుస్తుంది. ఆ మసకను పోగొట్టడానికి మళ్లీ షార్పెనింగ్ పెంచితే కథ మొదటికొస్తుంది.

సూపర్‌శాంప్లింగ్‌ను (తెరకన్నా ఎక్కువ పిక్సెళ్లతో బొమ్మను లెక్కగట్టి కుదించడం) చివరి అస్త్రంగానే ఉంచాలని నా అభిప్రాయం. 1920×1080 తెర మీద ఉండే పిక్సెళ్లు 20,73,600. నాలుగు రెట్ల సూపర్‌శాంప్లింగ్‌లో కార్డు 82,94,400 పిక్సెళ్లను లెక్కగట్టాలి. ల్యాప్‌టాప్‌లో ఈ పని గంటల తరబడి సాగితే వేడి పెరుగుతుంది కాబట్టి ఉష్ణోగ్రతను గమనిస్తూనే ప్రయత్నించాలి.

ఫైళ్లను సరిచేయడం ఇంతకన్నా సున్నితమైన పని. ముందు ఆ ఫైలులో మిప్ స్థాయిలు నిజంగా ఉన్నాయో లేవో నిర్ధారించుకోవాలి, అందుకు ఫైలు పరిమాణమే సాక్ష్యం చెబుతుంది. 1024 పిక్సెళ్ల చదరపు, డీఎక్స్‌టీ5 అనే కుదింపు రకంలోని డీడీఎస్ (టెక్స్‌చర్లను నిల్వచేసే రకం) ఫైలు 10,48,704 బైట్లే ఉంటే అందులో ఒకే స్థాయి ఉంది, 13,98,256 బైట్లు ఉంటే పూర్తి వరుస ఉంది. స్థాయిలు ఉన్న ఫైలును మళ్లీ మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు, ప్రతి పునఃకుదింపులోనూ రంగుల నాణ్యత కొంత పోవడం తప్ప.

స్థాయిలు లేని ఫైలును టెక్స్‌కాన్వ్ వంటి సాధనంతో మార్చేటప్పుడు అసలు ఫైలు ఏ రకంలో ఉందో ఆ రకంలోనే ఉంచాలి. డీఎక్స్‌టీ5ను డీఎక్స్‌టీ1గా మారిస్తే పరిమాణం సగమవుతుంది గానీ ఆల్ఫా ఛానెల్‌లోని (రంగులతో పాటు పారదర్శకత వంటి విలువలను దాచే భాగం) క్రమమైన ఛాయలు పోయి ఉందా లేదా అన్న ఒక్క బిట్టే మిగులుతుంది. విమానపు ఒంటి ప్రతిబింబం ఆ ఛాయల మీదే ఆధారపడి ఉంటే అద్దంలా మెరిసే విమానం సున్నం కొట్టినట్టు తయారవుతుంది. ఎఫ్‌ఎస్‌ఎక్స్ డీడీఎస్ ఫైళ్లు తలకిందులుగా నిల్వ ఉంటాయి కనుక ఎడిటర్‌లో తెరిచి నిటారుగా తిప్పి సేవ్ చేసినవారికి తోక మీది రాతలు ఎక్కడో తేలతాయి. బంప్ మ్యాపుల్లో కనిపించేవి రంగులు కావు, ఉపరితలపు దిశల అంకెలు. వాటికి ఫోటోలకు చేసినట్టు గామా, రంగుల సవరణలు చేయకూడదు. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో వాటి ఎరుపు ఛానెల్ ఆల్ఫాలో ఉంటుంది కాబట్టి మరింత అప్రమత్తత అవసరం.

కాక్‌పిట్ టెక్స్‌చర్ల విషయంలో నా సలహా వాటిని వదిలేయమనే. మీటర్ల మీది అంకెలు పైలట్ సీటు నుంచి స్పష్టంగా కనిపించాలనే ఉద్దేశంతో కొందరు డెవలపర్లు వాటికి మిప్ స్థాయిలు కావాలనే పెట్టరు. అక్కడ స్థాయిలు చేరిస్తే మినుకు పోయి, దానితో పాటు అంకెలూ పోతాయి. ఫోల్డరు మొత్తాన్ని ఒకేసారి మార్చకూడదనడానికి ఇదే పెద్ద కారణం.

మార్చిన ఫైళ్లను మొదట వేరే ఫోల్డరులోకి తీసుకుని, ఒక్కదాన్నే అసలు చోట పెట్టి చూడాలి. 2020 సిమ్యులేటర్ ప్యాకేజీలలో ప్రతి ఫైలు పరిమాణమూ లేఅవుట్ డాట్ జేసన్‌లో నమోదై ఉంటుంది కాబట్టి మిప్ స్థాయిలతో పెరిగిన పరిమాణానికి తగ్గట్టు దాన్ని కూడా తిరిగి తయారుచేయాలి. ఎఫ్‌ఎస్‌ఎక్స్ 32 బిట్ల ప్రోగ్రాము, 64 బిట్ల విండోస్‌లో కూడా 4 జీబీకి మించి మెమరీని అందుకోలేదు. కాబట్టి కుదింపు లేని 4096 పిక్సెళ్ల టెక్స్‌చర్లను అందులో నింపకూడదు: ఒక్కొక్కటి 64 ఎంబీ, మిప్ స్థాయిలతో సుమారు 85 ఎంబీ. అదే టెక్స్‌చర్ డీఎక్స్‌టీ5లో స్థాయిలతో కలిపి 21 ఎంబీ చిల్లరతో సరిపోతుంది.

యాడాన్‌కు కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మీరు సరిచేసిన ఫైళ్లు తుడిచిపెట్టుకుపోవచ్చు. అప్పుడు పాతవాటిని యథాతథంగా దాని మీద పరచకుండా, కొత్త వెర్షన్‌లో మినుకు ఇంకా ఉందో లేదో ముందు చూడాలి. మోడల్ మారి ఉంటే పాత టెక్స్‌చర్ దాని మీద సరిగా కూర్చోదు కనుక కొత్త ఫైళ్ల నుంచే పని మళ్లీ మొదలుపెట్టాలి.