బావి నీరు ఉప్పగా మారితే లోతుకు వెళ్లకండి

చీరాల, బాపట్ల మధ్య, సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో మా ఇల్లు. ఇసుక నేల. మా నాన్న దొరువుల కింద సేద్యం చేశారు. తెలియని వారి కోసం చెబుతున్నాను, దొరువు అంటే ఇసుకలో గరాటులా ఏటవాలుగా తవ్విన గుంట. రెండు చేతుల్లో రెండు కడవలతో దిగి, నీరు ముంచుకొని, పైకెక్కి వంగ మొక్కలకు పోసేవారు. నేను వెంట దిగితే ఒకే మాట చెప్పేవారు: "పైనీళ్లే ముంచు, అడుగు కదపకు."

ఆ మాటకు అర్థం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎనిమిదేళ్ల క్రితం వేసవిలో మా బావి నీరు బాగా తగ్గింది. అందరూ చెప్పారని అరవై అడుగుల బోరు వేయించాను. కొన్ని నెలలు మంచి నీరే వచ్చింది. మరుసటి వేసవికి కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకుగానే మిగిలింది, తులసి ఆకుల అంచులు మాడాయి, బకెట్ల లోపల తెల్లటి చారలు కట్టాయి.

తీరపు ఇసుకలో వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచి ఉంటే, ఆ మట్టానికి దిగువన సుమారు 40 అడుగుల మేర మంచినీరు ఉంటుందని లెక్క. అంటే పైన అడుగు తరిగితే కింద ఉప్పు క్రమంగా 40 అడుగులు పైకి జరుగుతుంది. మోటారుతో ఒక్కచోట గట్టిగా లాగితే ఆ చోట ఉప్పునీరు ధాన్యపు రాశిలా పైకి ఉబుకుతుంది. నేను బోరును నేరుగా దాని నోట్లోకే దించాను.

మీ నీటిలోనూ తేడా కనిపిస్తే ముందు కొలవండి. చేతిలో పట్టే టీడీఎస్ మీటరు, అంటే నీటిలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో చూపే పరికరం, కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. తెల్లవారుజామున, మోటారు వేయకముందే, బావి పైనీటిని శుభ్రమైన గ్లాసులోకి తీసి కొలవండి. మోటారు ఒక గంట నడిచాక మళ్లీ కొలవండి. రెండో అంకె బాగా పెరిగితే అడుగు ఉప్పు పైకి వస్తోందని అనుమానించాలి. రెండూ ఒకేలా ఎక్కువగా ఉంటే ఉప్పు పక్క నుంచి, ఉదాహరణకు రొయ్యల చెరువు నుంచి, ఊరుతూ ఉండవచ్చు. తాగే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని మన జాతీయ ప్రమాణం. వేరే నీరు లేనప్పుడు 2,000 వరకు అనుమతిస్తుంది. సముద్రపు నీటిలో 35,000 దాకా ఉంటుంది. మీటరు క్రిములను, నైట్రేటును విడిగా చూపదు. అందుకని ఒకసారి ప్రయోగశాలలో క్లోరైడుతో సహా పరీక్ష చేయించండి.

ఇక బావి సంగతి. మోటారుకు నీరు పీల్చే సక్షన్ పైపును పైకి లాగి, దాని అడుగు చివర ఉండే ఫుట్ వాల్వు నీటి మట్టానికి రెండు మూడు అడుగుల కిందే ఉండేలా కట్టండి. వేసవిలో మట్టం దిగినప్పుడు వాల్వు గాలి పీల్చకుండా వారానికోసారి చూసుకోవాలి. ట్యాంకు ఒక్కసారే నింపవద్దు. నేను ఉదయం ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు మాత్రమే మోటారు వేస్తున్నాను. బోరును పూర్తిగా మూయించాను. పొలానికి ఎక్కువ నీరు కావలసినవారు మెరుగుపరచిన దొరువు గురించి బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలను అడగండి. తడి ఇసుకలో చిల్లుల పైపులను అడ్డంగా పరిచి, పైపొర నీటిని మధ్య బావికి చేర్చే పద్ధతి అది. నాన్న కడవలతో చేసిన పనినే పైపులు చేస్తాయి.

తోడినంత తిరిగి పోయాలి కూడా. వంద చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. తొలకరి వానలను బయటికి వదిలి డాబా కడగనివ్వండి. తర్వాతి నీటిని కంకర, ముతక ఇసుక నింపిన తొట్టిలో వడకట్టి బావిలోకి వదలండి. పెరటి నీరు, మురుగు మాత్రం ఒక్క చుక్క కూడా కలవకూడదు.

పొలాన్ని రొయ్యల చెరువుకు కౌలుకిచ్చే ముందు చుట్టుపక్కల బావుల అంకెలు రాసిపెట్టండి. చెరువుకు 2005 నాటి తీరప్రాంత ఆక్వా చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. ఇసుక దిబ్బలను తవ్వనివ్వకండి. వాన నీటిని దాచేది ఆ దిబ్బలే.

నేను ప్రతి అమావాస్య ఉదయం కొలిచి, క్యాలెండరు వెనుక రాస్తాను. బోరు మూసిన నాడు బావి అంకె 2,140. మూడు వానాకాలాల తర్వాత, మొన్న కార్తీకంలో, 760. ఇంకా తాగడం లేదు, పప్పు మాత్రం ఉడుకుతోంది.