స్ట్రాంగ్‌హోల్డ్ క్రూసేడర్: గోడ కట్టేముందు రొట్టె సంగతి చూడండి

కంప్యూటర్‌లో కోట కట్టి యుద్ధం చేసే ఆట మొదలుపెడదామనుకునేవాళ్లకు ఇప్పటికీ మంచి ఆట స్ట్రాంగ్‌హోల్డ్ క్రూసేడర్. ఫైర్‌ఫ్లై స్టూడియోస్ 2001లో స్ట్రాంగ్‌హోల్డ్, మరుసటి ఏడాది క్రూసేడర్ తెచ్చింది. 2025లో డెఫినిటివ్ ఎడిషన్ కూడా వచ్చింది. ఇక్కడ చెప్పే లెక్కలు పాత క్రూసేడర్‌వి, దాని హెచ్‌డీ ఎడిషన్‌వి. హెచ్‌డీ ఎడిషన్ చాలా తేలికైన ఆట. ఒంగోలు, కావలి, నెల్లూరు హాస్టళ్లలో తిరిగే 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్‌లో కూడా ఆడుకోవచ్చు, విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. మౌస్ మాత్రం తప్పనిసరి. టచ్‌ప్యాడ్‌తో సైన్యాన్ని నడిపితే బాణగాళ్లు ఒకవైపు, మీరు ఒకవైపు. ఎండాకాలం మధ్యాహ్నం ఆడేవాళ్లు అరగంటకోసారి సేవ్ చేసుకోండి. కరెంటు పోతే కోట కూడా పోతుంది.

కొత్తగా ఆడేవాళ్లు దాదాపు అందరూ చేసే పని ఒకటుంది. ఆట మొదలవగానే కీప్ (ప్రభువు ఉండే ప్రధాన భవనం) చుట్టూ రాతి గోడ కట్టేస్తారు. గోడ పూర్తయ్యేసరికి రాయి ఖాళీ, కలప ఖాళీ, లోపల జనం ఆకలితో ఉంటారు. ఈ ఆటలో కోటలు ఎక్కువగా లోపలి నుంచే పడిపోతాయి. కనపడని శత్రువు నడక దూరం. ప్రతి పనివాడూ సరుకును నిజంగానే మోసుకుని నడుస్తాడు. కొయ్యవాడు చెట్టు దగ్గరి నుంచి స్టాక్‌పైల్ (సరుకు పోగేసే చోటు) దాకా, రొట్టెలవాడు స్టాక్‌పైల్ నుంచి బేకరీకి, అక్కడి నుంచి గ్రానరీకి (తిండి నిలవచేసే కొట్టు). ఆ దారి రెట్టింపైతే వాడి ఉత్పత్తి సగానికి దగ్గర పడుతుంది. కొత్తగా ఇంకో బేకరీ కట్టే బదులు ఉన్నదాన్ని సరైన చోట పెట్టి ఉంటే చాలు అనిపించే సందర్భాలే ఎక్కువ.

అందుకే మొదటి పది నిమిషాలు ఆటను నెమ్మదిగా నడపండి. ప్లస్, మైనస్ కీలతో వేగం మారుతుంది. స్పేస్ బార్ నొక్కితే కట్టడాలు కిందికి దిగి వెనకున్న నేల కనిపిస్తుంది. హెచ్ నొక్కితే కీప్ దగ్గరికి, ఎం నొక్కితే మార్కెట్‌కి, జీ నొక్కితే గ్రానరీకి, బీ నొక్కితే బ్యారక్స్‌కి (సైనికులను తయారుచేసే చోటు) వెళ్తారు. ఈ నాలుగు కీలు వేళ్లకు అలవాటైతే సగం తొందర తగ్గుతుంది. సైనికులను ఎంచుకుని కంట్రోల్ పట్టుకుని ఒక అంకె నొక్కితే అది ఒక దళం అవుతుంది, తర్వాత ఆ అంకె నొక్కగానే వాళ్లే వస్తారు.

కట్టడం మొదలుపెట్టేముందు మ్యాప్ మొత్తం ఒకసారి తిరగండి. క్రూసేడర్ ఎడారి ఆట. పొలాలన్నీ పచ్చగడ్డి ఉన్న చోటే పడతాయి, ఇసుక మీద పడవు. పచ్చిక ఎక్కడుందో, రాతినేల ఎక్కడుందో, చెట్లు ఎక్కడున్నాయో చూసుకుని స్టాక్‌పైల్‌ను వాటి మధ్యకు తేవాలి. గ్రానరీ దానికి కొన్ని గడుల దూరంలోనే ఉండాలి. స్టాక్‌పైల్ పెంచాలంటే కొత్తది పాతదాన్ని తాకుతూ ఉండాలి, గ్రానరీకీ అదే నియమం. కాబట్టి వాటి చుట్టూ కొంచెం ఖాళీ వదిలిపెట్టండి. తొందరపడి హావెళ్లతో (జనం ఉండే చిన్న ఇళ్లతో) ఆ చోటు నింపేస్తే తర్వాత కూలగొట్టుకోవాలి.

ఆరంభంలో కలపే ప్రాణం. చెట్లకు ఆనుకుని, స్టాక్‌పైల్ వైపుగా కొయ్యవాళ్ల గుడిసెలు నాలుగైదు వేయండి. ఒక్కోదానికి కలప 3 మాత్రమే. తర్వాత యాపిల్ తోట గానీ పాడి పొలం గానీ ఒకటి. ఇవి సరుకును నేరుగా గ్రానరీకే చేరుస్తాయి, మధ్యలో మిల్లు లేదు, బేకరీ లేదు. పాడి పొలానికి కలప 10. ఆ వెంటనే హావెళ్లు: కలప 6తో ఒకటి, అందులో 8 మంది ఉంటారు. ఇళ్లు చాలకపోతే ప్రజాదరణ మీద కోత పడుతుంది. మార్కెట్ 5 కలపతో అయిపోతుంది గనక ముందే కట్టేయండి. అయితే కొనేటప్పుడు పెట్టే ధర, అమ్మేటప్పుడు వచ్చే ధరకు దాదాపు రెట్టింపు ఉంటుంది. నిలవ పెట్టుకోగల సరుకును అమ్మి, తర్వాత అదే కొనుక్కోవడం నష్టం.

ఇక రొట్టె. మన మొలగొలుకులు ఈ ఆటలో పండవు, బియ్యం అసలే లేదు, పండేది గోధుమే. గోధుమ పొలం (కలప 15) నుంచి గోధుమలు స్టాక్‌పైల్‌కి వస్తాయి, మిల్లు (కలప 20, ముగ్గురు పనివాళ్లు) వాటిని తీసుకుని పిండి చేసి మళ్లీ స్టాక్‌పైల్‌కే ఇస్తుంది, బేకరీ (కలప 10, ఒక పనివాడు) పిండి తీసుకుని రొట్టె చేసి గ్రానరీకి ఇస్తుంది. ఒక్క పిండి బస్తాకు 8 రొట్టెలు. అందుకే జనాభా యాభై దాటాక రొట్టె తప్ప వేరే దారి దాదాపు లేదు. యాపిల్, చీజ్, మాంసం పక్కవాయిద్యాలు. మిల్లును స్టాక్‌పైల్‌కు ఆనించి పెట్టండి, బేకరీలు మాత్రం స్టాక్‌పైల్‌కు, గ్రానరీకి మధ్య వరసగా. ఇది తిరగబడితే ఎన్ని పొలాలు వేసినా గ్రానరీ నిండదు.

2 పొలాలు, 1 మిల్లు, 3 బేకరీలతో మొదలుపెట్టి స్టాక్‌పైల్‌ను చూస్తూ ఉండండి. గోధుమలు పోగుపడుతున్నాయా? మిల్లు చాలడం లేదు, లేదా దూరంగా ఉంది. పిండి పోగుపడుతోందా? ఇంకో బేకరీ వేయండి. రెండూ లేవు, బేకరీవాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడా? పొలం చాలదు. ఈ మూడు ప్రశ్నలతో గొలుసులో ఎక్కడ తెగిందో తెలిసిపోతుంది, ఊహతో కట్టాల్సిన పని లేదు. పనివాళ్లే రావడం లేదంటే కీప్ ముందున్న మంట చుట్టూ ఖాళీ మనుషులు ఉన్నారో లేదో చూడండి. లేకపోతే హావెళ్లో, ఆదరణో తక్కువ పడింది. అప్పుడు అక్కర్లేని కట్టడాలను నిద్రపుచ్చే బటన్ నొక్కితే ఆ మనుషులు వేరే పనికి దొరుకుతారు.

ప్రజాదరణ అనే అంకె 50కి పైన ఉంటే జనం వస్తారు, కిందికి పడితే వెళ్లిపోతారు. దాన్ని నడిపే కూడికలు తీసివేతలు ఇవి. రేషన్ మామూలుగా ఇస్తే 0, ఎక్కువ ఇస్తే +4, రెట్టింపు ఇస్తే +8, సగం ఇస్తే −4, అసలివ్వకపోతే −8. ఒకటికి మించి ఉన్న ప్రతి రకం తిండికీ +1. అంటే రొట్టె, యాపిల్, చీజ్ మూడూ గ్రానరీలో ఉంటే +2. పన్ను లేకపోతే +1. పన్ను వేస్తే మొదటి మెట్టు −2, తర్వాత −4, −6, −8, ఆపైన ఒక్కసారిగా −12.

ఈ పన్ను పట్టికలో ఒక మెలిక ఉంది. మొదటి మెట్టులో ఒక్కో మనిషికి 0.6 బంగారం వస్తుంది. తర్వాత ప్రతి మెట్టుకూ పెరిగేది 0.2 మాత్రమే. కాబట్టి కొత్తలో మొదటి మెట్టులోనే ఉండి జనాన్ని పెంచడం లాభం. నాలుగో మెట్టు (1.2 బంగారం, −8) దాటి ఐదో మెట్టుకు వెళ్తే ఆ చిన్న 0.2 కోసం ఆదరణలో నాలుగు పోగొట్టుకుంటారు. అది ఎప్పుడూ గిట్టుబాటు కాదు.

ఇక ఆదాయపు లెక్క. రేషన్ ఎక్కువ (+4), మూడు రకాల తిండి (+2), బీరు సగం మందికి అందితే (+4), మొత్తం 10. నాలుగో మెట్టు పన్ను −8 వేసినా +2 మిగులుతుంది, జనం పెరుగుతూనే ఉంటారు. బీరుకు హాప్స్ (బీరులో వాడే మొక్క) పొలం, బ్రూవరీ (బీరు కాచే చోటు), ఇన్ (బీరు పోసే సత్రం) ఉండాలి. ఇన్‌కు 20 కలపతో పాటు 100 బంగారం. పావు మందికి అందితే +2, అందరికీ అందితే +8. ప్రార్థనాలయాలు కూడా ఇలాగే పనిచేస్తాయి, కానీ ఖరీదెక్కువ, అందుకే తర్వాత. తోటలు, విగ్రహాలు పెడితే ఆదరణ పెరుగుతుంది, సైనికులు బాగా పోరాడతారు, కానీ పనివాళ్లు బద్ధకిస్తారు. ఉరికంబాలు పెడితే పని వేగం పెరుగుతుంది, జనం మాత్రం మొహం చాటేస్తారు. రెండింటినీ కలిపితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఏదో ఒక దారి పట్టండి.

రాయికి క్వారీ (కలప 20, ముగ్గురు) వేసి, దాని పక్కనే ఎద్దు కొట్టం (కలప 5) తప్పకుండా పెట్టండి. చాలామంది ఇది మర్చిపోయి, క్వారీ దగ్గర రాయి కుప్పపడి ఉన్నా స్టాక్‌పైల్ ఎందుకు ఖాళీగా ఉందా అని తలపట్టుకుంటారు. క్వారీ రాయిని తవ్వుతుంది, మోయదు. మోసేది ఎద్దు, ఒక్కో విడతకు 8 రాళ్లు. ఒంగోలు గిత్తల ప్రాంతంవాళ్లం, మనకు ఈ సంగతి తట్టకపోవడమేంటో! క్వారీ దూరమైతే ఒక క్వారీకి రెండు, మూడు కొట్టాలు వేసుకోవాలి. ఇనుప గనిలో పనివాళ్లే మోసుకొస్తారు, కొట్టం అక్కర్లేదు. ముడి సరుకుల్లో మార్కెట్లో మంచి ధర పలికేది ఇనుమే. ఖర్చులకు డబ్బు కావాలంటే మిగిలిన ఇనుము అమ్మండి.

గోడ అప్పుడు కట్టండి. పొలాలన్నీ గోడ లోపలికి తేవాలని ప్రయత్నించొద్దు, రాయి మొత్తం అక్కడే పోతుంది. గ్రానరీ, స్టాక్‌పైల్, బేకరీలు, బ్యారక్స్, హావెళ్లు లోపల ఉంటే చాలు. గోడలో ఒక్క గడి ఖాళీ ఉన్నా శత్రువు అందులోంచి తాపీగా నడిచొస్తాడు. చివరి ముక్క పెట్టాక గోడ వెంబడి ఒకసారి చూపు తిప్పండి. పైకి బాణగాళ్లు ఎక్కాలంటే మెట్లో, గేట్‌హౌసో ఉండాలి. చిన్న గేట్‌హౌస్ 10 రాయి, పెద్దది 20. బురుజుల్లో పెరిమీటర్ టరెట్ 10, డిఫెన్స్ టరెట్ 15, చదరపు బురుజు 35, గుండ్రటిది 40. పెద్ద రెండింటి మీద బాణపు యంత్రాలు, రాళ్లు విసిరే యంత్రాలు ఎక్కించవచ్చు. మొదట్లో గేటుకు రెండు వైపులా డిఫెన్స్ టరెట్లు చాలు. ఎత్తులో ఉన్న బాణగాడికి దూరం ఎక్కువ పోతుంది, కాబట్టి కొండ అంచు దొరికితే కోట దాని మీదే.

శత్రువు దగ్గరికొచ్చాక ఆ చోట ఏమీ కట్టనివ్వదు ఆట. అందుకే గోడ పని శత్రువు కనబడక ముందే అయిపోవాలి. కందకం ఉంటే సొరంగం తవ్వేవాళ్లు రాలేరు. కందకాన్ని ఈటెగాళ్లతో తవ్వించవచ్చు. గేటు మీద ఇంజనీరుకు మరిగే నూనె ఇచ్చి పెడితే మొదటి దాడికి అదే సరిపోతుంది, కానీ నూనె బట్టీకి ఇనుము, తారు, ఇంజనీర్లు కావాలి. తారు గుంట తవ్వి, నిప్పు బాణాలతో అంటించడం అంతకంటే చవక. దాని కోసం గోడ మీద బ్రేజియర్ (నిప్పు కుంపటి) పెట్టడం మర్చిపోవద్దు. ఇళ్లు మరీ ఆనించి కడితే ఒక్క నిప్పురవ్వతో వరస మొత్తం పోతుంది. మధ్యలో బావి ఉంటే మనిషి బక్కెట పట్టుకుని పరుగెత్తుతాడు.

సైన్యం విషయం క్లుప్తంగా. బ్యారక్స్‌కు 15 రాయి. యూరప్ సైనికులకు ఆయుధం తయారు చేసి పెట్టుకోవాలి. విల్లుకు 2 కలప, బాణగాడి జీతం 12 బంగారం. కిరాయి సైనికులకు డబ్బు ఇస్తే చాలు: అరబ్ బాణగాడు 75, గుర్రపు బాణగాడు 80, అగ్గి విసిరేవాడు 100. తొందరలో కిరాయివాళ్లు, తీరికలో మనవాళ్లు. బాణగాళ్లకు దూరం, వేగం ఎక్కువ. కవచం వేసుకున్నవాళ్ల మీదికి మాత్రం క్రాస్‌బో కావాలి. కత్తివీరులతో వచ్చే వుల్ఫ్ అనే ప్రత్యర్థి మీద బాణాలే నమ్ముకుంటే పని కాదు. అన్నిటికన్నా తేలికైన ప్రత్యర్థి ర్యాట్, అతనితోనే సాధన చేయండి. కీప్ పైన మీ ప్రభువు నిలబడి ఉంటాడు, వాడు చస్తే ఆట అయిపోయినట్టే. అతని చుట్టూ కొందరు క్రాస్‌బోవాళ్లను ఉంచండి.

దాడికి వెళ్లేటప్పుడు గోడ మీదికి దూకకండి. 1514లో ఉదయగిరి కొండకోట గజపతుల చేతిలోంచి కృష్ణదేవరాయల చేతికి వచ్చింది, ఆ ముట్టడి ఏడాదిన్నర దాకా నడిచింది. ఎత్తైన కోటను పగలగొట్టడం కన్నా దాని ఊపిరి ఆపడం తేలిక. ఆటలో కూడా ప్రత్యర్థి పొలాలు, క్వారీలు గోడ బయటే ఉంటాయి. 5 బంగారానికొక బానిస దొరుకుతాడు, వాళ్ల చేతిలో కాగడాలు ఉంటాయి. కొందరిని పంపి పొలాలు, గుడిసెలు అంటిస్తే అతని తిండి తగ్గి సైన్యం సన్నబడుతుంది. ఆ తర్వాత ఇంజనీర్లతో దాడి శిబిరం వేయండి. రాళ్లు విసిరే యంత్రాల్లో కాటపుల్ట్‌కు ఇద్దరు ఇంజనీర్లు, ట్రెబుషెట్‌కు ముగ్గురు. ట్రెబుషెట్ కదలదు గనక పెట్టే చోటు ముందే లెక్క చూసుకోండి, మరీ దగ్గరైతే బురుజు మీది బాణాలకు మొదట చచ్చేది ఇంజనీర్లే. ముందు బురుజుల మీద కొట్టండి, తర్వాత గోడ. చిల్లు పడ్డాక గదలవాళ్లను పరుగెత్తించండి, వాళ్లు వేగంగా లోపలికి చేరతారు. అందులో ఒక్క గుంపును మాత్రం నేరుగా కీప్ మెట్ల వైపు పంపండి. ప్రభువు పడగానే మిగతా కోట మీదే.