పాత మెష్ పెట్టెలు, కొత్త రౌటర్ – 4వ పాఠం: అడ్రస్‌లు పంచేది ఒక్కటే ఉండాలి

మూడో పాఠంలో పాత మెష్ పెట్టెను (ఇంటి నిండా వైఫై అందేలా రెండు మూడు కలిపి వాడేది) యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, అంటే రౌటర్ పని మానేసి వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతిలోకి మార్చి, కేబుల్‌తో కొత్త రౌటర్‌కు కలపమన్నాను. కలిపినవాళ్లలో చాలామందికి చిక్కులొచ్చాయి. కొందరికి సాయంత్రం దాకా బాగా నడిచి, రాత్రయ్యేసరికి సగం ఫోన్లకు నెట్ పోయింది. కొందరికి నెట్ వస్తోంది గానీ కింది గదిలో ఉన్న ప్రింటర్ పై అంతస్తు ల్యాప్‌టాప్‌కు దొరకడం లేదు. ఇంకొందరికి కొత్త రౌటర్ సెట్టింగుల పేజీయే తెరుచుకోవడం లేదు. మూడింటికీ మూలం ఒకటే. ఈ వారం వైఫై ఛానెళ్ల (సిగ్నల్ నడిచే దారుల) గురించి చెప్పాల్సింది, అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ఇది సరికాకుండా ఛానెళ్లు ఎన్ని మార్చినా లాభం లేదు.

ఇంట్లో ప్రతి ఫోనుకూ, టీవీకీ, కెమెరాకూ ఒక ఐపీ అడ్రస్ కావాలి. ఆ అడ్రస్‌లు పంచే పని పేరు డీహెచ్‌సీపీ. ఆ పని కొత్త రౌటర్ ఒక్కటే చేయాలి. పాత పెట్టె కూడా రౌటర్‌గా పుట్టిందే కాబట్టి, వద్దని చెప్పేదాకా అదీ పంచుతూనే ఉంటుంది. ఒకే వాడకు ఇద్దరు వచ్చి ఎవరికి తోచినట్టు వాళ్లు ఇంటి నంబర్లు వేసిపోతే ఉత్తరాలు ఎటు పోతాయో, ఇక్కడా అంతే.

తప్పు రెండు రకాలుగా జరుగుతుంది.

మొదటిది: పాత పెట్టె రౌటర్ మోడ్‌లోనే ఉంది, కేబుల్ దాని వాన్ పోర్టులో (బయటి నుంచి నెట్ వచ్చే కేబుల్ పెట్టేచోట) పెట్టారు. అప్పుడు ఇంట్లో రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు తయారవుతాయి. కింద 192.168.1తో మొదలయ్యే అడ్రస్‌లు, పైన డెకో (టీపీ-లింక్ కంపెనీ మెష్) అయితే 192.168.68తో మొదలయ్యేవి. నెట్ వస్తుంది, అందుకే తప్పు బయటపడదు. కానీ పై ఫోను నుంచి కింది టీవీకి వీడియో పంపలేరు, ప్రింటర్ దొరకదు, కెమెరాల డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె) బయటి నుంచి తెరవడానికి చిక్కులొస్తాయి. దీన్నే డబుల్ న్యాట్ అంటారు. "నెట్ వస్తోంది కదా, చాలు" అని దీన్ని వదిలేయడం నాకు అస్సలు నచ్చదు. ఆరు నెలల తర్వాత కెమెరా పెట్టడానికి వచ్చిన మనిషి గంటసేపు కుస్తీ పట్టి, మీ కొత్త రౌటర్ చెడిపోయిందని చెప్పి వెళ్తాడు.

రెండోది ఇంకా చెడ్డది: పాత పెట్టెలో డీహెచ్‌సీపీ ఆన్‌లోనే ఉంది, కేబుల్ దాని ల్యాన్ పోర్టులో (ఇంట్లో పరికరాలు కలిపేచోట) పెట్టారు. ఇప్పుడు రెండు పెట్టెలూ ఒకే నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు పంచుతాయి. ఫోను "నాకు అడ్రస్ కావాలి" అని అందరికీ వినబడేలా అడుగుతుంది, సాధారణంగా ముందు జవాబిచ్చినదాని అడ్రస్‌నే తీసుకుంటుంది. కొత్త రౌటర్ ముందు పలికితే నెట్ వస్తుంది. పాతది ముందు పలికితే, నెట్‌కు దారి తనే అని ఫోనుకు చెబుతుంది, కానీ దాని వాన్ పోర్టు ఖాళీ. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, నెట్ ఉండదు. పైగా ఇచ్చిన అడ్రస్ కొన్ని గంటలో, ఒక రోజో చెల్లుతుంది. అందుకే పొద్దున కలిపినప్పుడు అన్నీ బాగుండి, ఫోన్లు బయటికి వెళ్లి తిరిగొచ్చాక ఒక్కొక్కటే పడిపోతాయి. రెండు పెట్టెల సొంత అడ్రసూ 192.168.1.1 అయితే సెట్టింగుల పేజీ ఒకసారి ఒకదానిది, ఇంకోసారి మరోదానిది వస్తుంది, లేదా రానే రాదు.

తప్పు ఉందో లేదో చాలావరకు ఫోనులోనే తెలుస్తుంది. వైఫై పేరు పక్కన ఉన్న గుర్తు నొక్కి గేట్‌వే (నెట్‌కు దారి చూపే పెట్టె అడ్రస్) చూడండి, ఐఫోన్‌లో దాన్నే రౌటర్ అని రాస్తారు. కొత్త రౌటర్ పక్కన ఒకసారి, పాత పెట్టె పక్కన ఒకసారి చూడండి. రెండుచోట్లా ఒకే నంబర్ ఉండాలి. జియో ఫైబర్ పెట్టె అయితే మామూలుగా 192.168.29.1, మిగతా చాలావాటిలో 192.168.1.1 లేదా 192.168.0.1.

డెకో లాంటి మెష్‌లకు పని తేలిక: యాప్‌లో ఆపరేషన్ మోడ్‌కు వెళ్లి యాక్సెస్ పాయింట్ ఎంచుకోవడమే. ప్రధాన యూనిట్‌ను కేబుల్‌తో కొత్త రౌటర్‌కు కలపాలి, మిగతావి దానితో మునుపటిలాగే మాట్లాడుకుంటాయి. మోడ్ మారాక పాత అడ్రస్‌తో పేజీ తెరుచుకోదని కంగారుపడి రీసెట్ నొక్కకండి. దానికిప్పుడు కొత్త రౌటర్ వేరే అడ్రస్ ఇచ్చింది, రౌటర్‌లోని పరికరాల జాబితాలో కనబడుతుంది. గూగుల్ వైఫై సంగతి వేరు: అందులో బ్రిడ్జ్ మోడ్ (యాక్సెస్ పాయింట్ మోడ్ లాంటిదే) ఒక్క యూనిట్‌కే పనికొస్తుంది, రెండు మూడు యూనిట్ల మెష్‌ను ఆ మోడ్‌లో నడపలేం. ఒక్కదాన్నే వాడుకోండి.

యాక్సెస్ పాయింట్ మోడ్ లేని పెట్టెలకు మాత్రం వరస తప్పకూడదు. ముందు పాత పెట్టెను ఇంటి నెట్‌వర్క్ నుంచి పూర్తిగా విడదీయండి. వెనకున్న సన్నటి రంధ్రంలో పిన్నుతో 10 సెకన్లు నొక్కి రీసెట్ చేయండి. ల్యాప్‌టాప్ వైఫై ఆపేసి, కేబుల్‌ను దాని ల్యాన్ పోర్టుకు పెట్టండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ ముందే పెట్టుకోండి. తర్వాత ల్యాన్ ఐపీని మార్చండి: కొత్త రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.5. పెట్టె మళ్లీ లేచాక ఆ కొత్త అడ్రస్‌తో లోపలికి వెళ్లి, అన్నిటికంటే ఆఖరున డీహెచ్‌సీపీ ఆపండి. ముందే ఆపేస్తే ల్యాప్‌టాప్‌కు అడ్రస్ ఇచ్చే దిక్కుండదు, పెట్టెలోకి వెళ్లే దారి మూసుకుపోతుంది. అలా ఇరుక్కుంటే, పెట్టె అడ్రస్ 192.168.1తో మొదలయ్యేదైతే ల్యాప్‌టాప్‌కు చేత్తో 192.168.1.50, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 పెట్టండి. ఇప్పుడు కొత్త రౌటర్ ల్యాన్ నుంచి పాతదాని ల్యాన్‌కు కేబుల్. వాన్ పోర్టు ఖాళీగానే ఉండాలి, ఎవరూ పొరపాటున పెట్టకుండా నేను దాని మీద టేపు అంటిస్తాను.

ఆ 192.168.1.5 ను కొత్త రౌటర్ ఇంకెవరికో ఇవ్వకుండా చూడాలి. చాలా పెట్టెల్లో పంచే వరస 2 నుంచే మొదలవుతుంది. దాన్ని 20 నుంచి 200కు కుదించండి.

డీహెచ్‌సీపీ దగ్గర ఆన్, ఆఫ్ కాకుండా "ఆటో" అని ఉంటే అది వద్దు. అడ్రస్‌లు పంచేవాళ్లెవరూ కనబడకపోతే నేనే పంచుతానని దాని అర్థం. కరెంటు పోయి వచ్చినప్పుడు ఫైబర్ పెట్టె లేవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, పాతది అంతకుముందే లేస్తుంది. ఆ కాసేపట్లోనే తప్పుడు అడ్రస్‌లు పంచేస్తుంది. ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు కరెంటు పోయే ఊళ్లలో ఇది రోజూ ఉండే బాధ. ఆఫ్ అనే పెట్టండి.

కేబుల్ గురించి రెండు మాటలు. మేడ మీద నుంచి లాగేటప్పుడు పీవీసీ పైపులో వేయండి, హన్మకొండ, కాజీపేట డాబాల మీద కోతులు ఊరికే వేలాడే వైరును ఉంచవు. లోపల పూర్తి రాగి ఉన్న క్యాట్ 6 అడగండి, రాగి పూత పూసిన అల్యూమినియం తీగ మలుపుల దగ్గర విరుగుతుంది. వెయ్యి మెగాబిట్‌లకు నాలుగు జతల తీగలూ పనిచేయాలి. నీలం జతో, గోధుమరంగు జతో సరిగ్గా కూర్చోకపోతే లింకు సాధారణంగా 100కు పడిపోతుంది. డెకో ఈ4 పోర్టులు ఎలాగూ 100వే, కాబట్టి అక్కడ తీగను అనుమానించకండి. ఎం4 అయితే వెయ్యి రావాలి. పెట్టెను రేకుల గది కింద మాత్రం పెట్టొద్దు. ఇలాంటివాటిని మామూలుగా 40 డిగ్రీల వేడి దాకానే తట్టుకునేలా చేస్తారు, మే నెలలో మన దగ్గర నీడలోనే అంతకు మించుతుంది.

పాతది డబ్ల్యూపీఏ3 (వైఫై పాస్‌వర్డ్‌కు వాడే కొత్త భద్రతా పద్ధతి) రానిదైతే కొత్త రౌటర్‌ను డబ్ల్యూపీఏ2, 3 కలిసిన మోడ్‌లో పెట్టి, పేరూ పాస్‌వర్డూ రెండింటికీ ఒకటే ఉంచండి. పరీక్షలు ముగిసేదాకా మాత్రం పేర్లు వేరుగా ఉంచమంటాను, ఏ పెట్టె పలుకుతోందో అప్పుడే తెలుస్తుంది.

అభ్యాసం: కాస్త కష్టమైనదే, కానీ దాటేయొద్దు. ఇంట్లో అందరూ పడుకున్నాక కొత్త రౌటర్ ఆపేయండి. పాతది ఆన్‌లోనే ఉండాలి. విండోస్ ల్యాప్‌టాప్‌ను దానికి కేబుల్‌తో కలపండి. ముందు చేత్తో పెట్టిన అడ్రస్ ఉంటే తీసేసి, దానంతటదే తెచ్చుకునేలా మార్చండి. రెండు నిమిషాలు ఆగి అడ్రస్ చూడండి. 169.254తో మొదలైతే ఎవరూ పంచడం లేదు, మీరు గెలిచారు. 192.168తో మొదలైతే పాతది ఇంకా పంచుతోంది, వెనక్కి వెళ్లండి. తర్వాత కొత్త రౌటర్‌ను మళ్లీ ఆన్ చేసి, మెయిన్ స్విచ్ ఆపి, 5 నిమిషాలకు వేయండి. ఇన్వర్టర్ మీద ఉన్న పెట్టెల ప్లగ్‌లు కూడా తీయాలి. అన్నీ లేచాక ఇంట్లో ఐదు చోట్ల, రెండేసి ఫోన్లతో, గేట్‌వే నంబర్ కాగితం మీద రాయండి. పదికి పదీ ఒకటే రావాలి. మర్నాడు రాత్రి మళ్లీ రాయండి. ఆ కాగితం దాచుకోండి, ఛానెళ్ల పాఠంలో అవే ఐదు చోట్ల సిగ్నల్ కొలుస్తాం.